‘స్నేహితుల్ని ఇవ్వండి’ అన్న మనిషి, పిడికెడు బియ్యం: బిషప్ అజరయ్య గురించి

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినబడుతోంది కదా? సరే.

ఈ బల్ల మీద ఒక పాత డాల్డా డబ్బా పెట్టాను. మూత ఎప్పుడో పోయింది. అంచంతా తుప్పు. పక్కన చెట్టు బొమ్మ సగం చెరిగిపోయింది. ఇది మా నాయనమ్మది. దీని సంగతి చివర్లో చెబుతాను. ముందు దీన్ని మా ఇంటి పొయ్యి పక్కకు తెచ్చిన మనిషి గురించి మాట్లాడుకుందాం.

డోర్నకల్ అనగానే చాలామందికి రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే లైనులో దిగి, కొత్తగూడెం వైపు బండి మారే చోటు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. నూరేళ్ళ కిందట నిజాం రాజ్యం. రైలు దిగి ఊళ్ళోకి నడిస్తే గుమ్మటాలు, మినార్లతో ఒక కట్టడం కనిపిస్తుంది. కొత్తవాళ్ళు మసీదు అనుకుంటారు. లోపలికి వెళ్తే రాతి స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుకు తెస్తాయి. తీరా అది చర్చి. ఎపిఫనీ కెథడ్రల్. అది కట్టించినాయన తెలుగువాడు కాదు, తమిళుడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన సంఘంలో, బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు.

1874 ఆగస్టు 17న అప్పటి తిరునల్వేలి జిల్లాలో వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాస్టరు. తల్లి ఎలెన్. బైబిల్లో హన్నా ప్రార్థించి కన్న కొడుకు పేరు సమూయేలు, ఇంగ్లీషులో శామ్యూల్. ఆ తల్లి కూడా అలాగే ప్రార్థించి ఆ పేరు పెట్టుకుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఆయన చదివింది లెక్కలు. ఆఖరి పరీక్షల ముందు జబ్బుపడి డిగ్రీ పూర్తి చేయలేకపోయారు. తర్వాత 1920లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇరవై ఒకటో ఏట వైఎంసీఏలో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో, కార్యదర్శిగా చేరారు. అది ఆ రోజుల్లో మంచి హోదా ఉన్న పని. రైళ్ళలో దేశమంతా తిరగడం, కాలేజీ కుర్రాళ్ళతో సభలు. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్‌తో ప్రాణస్నేహం అక్కడే కుదిరింది. తెల్లవాడు, నల్లవాడు ఒకే గదిలో ఉండి, ఒకే కంచం దగ్గర కూర్చున్న స్నేహం అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1902లో ఆయన యాళ్ళపాణం వెళ్ళారు. శ్రీలంకలో ఉంది, మనం జాఫ్నా అంటాం. అక్కడి తమిళ క్రైస్తవులు సొంతంగా డబ్బు పోగేసి, తమవాళ్ళనే మన దేశంలో సువార్త పనికి పంపిస్తున్నారు. చిన్న దీవిలో, చిన్న సంఘం. అది చూసి అజరయ్యగారికి సిగ్గేసింది. తిరునల్వేలిలో తరతరాల క్రైస్తవులున్నారు, గుళ్ళున్నాయి, బడులున్నాయి, ఆస్తులున్నాయి. కానీ బయటికి ఒక్కణ్ణి పంపలేదు. అన్నీ ఇంగ్లండు నుంచి రావాలని ఎదురుచూస్తూ కూర్చున్నారు. తిరిగొచ్చాక 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టించారు. డబ్బు మనది, మనుషులు మనవాళ్ళు, పెత్తనం మనది. ఒక్క రూపాయి కూడా విదేశం నుంచి తీసుకోకూడదు. దాదాపు మూడేళ్ళకు, 1905 క్రిస్మస్ రోజున, బెంగాల్‌లోని సెరంపూరులో, తొలితరం మిషనరీ విలియం కేరీ లైబ్రరీ గదిలో నేషనల్ మిషనరీ సొసైటీ మొదలైంది. దాని వెనక కూడా ఈయనే. 1905 అంటే బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం. బయట విదేశీ గుడ్డలు కాలుస్తున్న రోజుల్లో చర్చిలో కూడా స్వదేశీ మాట వినబడిందన్నమాట. మన చరిత్ర పుస్తకాలు దీన్ని అసలు పట్టించుకోవు. నాకది బాధ.

తిరునల్వేలి సొసైటీవాళ్ళు తమ పనికి ఎంచుకున్న చోటు మన డోర్నకల్ ప్రాంతం. భాష రాదు, బంధువులు లేరు, పైగా పరాయి రాజ్యం. కొన్నేళ్ళు బయటి నుంచి నడిపించాక, అజరయ్యగారికి ఒకటి తోచింది. ఊరూరా తిరిగి ‘పల్లెలకు వెళ్ళండి, సేవ చేయండి’ అని కుర్రాళ్ళకు చెబుతున్నాను, మరి నేను? 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, పెళ్ళాం పిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. ముప్పై అయిదేళ్ళ వయసులో మళ్ళీ పలకబలపం పట్టి తెలుగు నేర్చుకున్నారు. ఆయన భార్య పేరు అన్బు మరియమ్మాళ్. తమిళంలో అన్బు అంటే ప్రేమ. ఆ పల్లెల్లో ఆవిడ పడ్డ కష్టానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎడింబరో సంగతికి వద్దాం. 1910 జూన్. ప్రపంచ మిషనరీ మహాసభ. పన్నెండు వందల మంది ప్రతినిధులు. ఆసియావాళ్ళు ఇరవై మందికి మించలేదు. చర్చంతా ఆసియా, ఆఫ్రికాల గురించే. ఒక సాయంత్రం సభలో ఈయనకు మాట్లాడే అవకాశం వచ్చింది. విదేశీ మిషనరీలు, దేశీయ సేవకులు కలిసి పనిచేయడం అనేది విషయం. ఏం మాట్లాడితే మర్యాదగా ఉంటుందో ఆయనకు తెలుసు. మీరు చేసిన మేలు మరువం అని నాలుగు మాటలు చెప్పి దిగిపోవచ్చు. చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆయన అలా చేయలేదు. ఏళ్ళ తరబడి ఒకే చోట పనిచేస్తున్న దేశీయ పాస్టరును మిషనరీ దొర ఒక్కసారైనా భోజనానికి పిలవడు, అతని గడప తొక్కడు అని చెప్పారు. మీ మధ్య, మా మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే సంబంధం అన్నారు. చివర్లో కొరింథీ పత్రికలోని ప్రేమ అధ్యాయాన్ని ఎత్తుకున్నారు. ‘బీదల పోషణ కోసం మీ ఆస్తి ఇచ్చారు. కాల్చబడడానికి మీ శరీరాలు అప్పగించారు. మేం ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితుల్ని ఇవ్వండి.’

ఆ అధ్యాయం మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆస్తి ఇచ్చినా, ఒళ్ళు కాల్చుకున్నా, ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు రాశాడు. అదే వాక్యాన్ని, దాన్ని మనకు నేర్పినవాళ్ళ ముందే నిలబడి, వాళ్ళకే వినిపించారాయన. హాల్లో కొందరికి కోపం వచ్చింది. కొందరు చాలాకాలం మర్చిపోలేదు.

చాలామంది ఈ ప్రసంగాన్ని తెల్లవాళ్ళ మీద తిరుగుబాటుగా చెబుతారు. నేనూ కుర్రతనంలో అలాగే చెప్పుకొని మురిసిపోయేవాణ్ణి. కానీ ఆయన తర్వాతి ముప్పై అయిదేళ్ళ జీవితం చూశాక నాకు ఇంకోటి అర్థమైంది. ఎప్పుడూ చెయ్యి చాపేవాడు స్నేహితుడు కాలేడు. ఒకడి చెయ్యి ఎప్పుడూ పైన, ఇంకొకడి చెయ్యి ఎప్పుడూ కింద ఉంటే అక్కడ దానం ఉంటుంది, జాలి ఉంటుంది. స్నేహం పుట్టదు. ఎడ్డీతో స్నేహం చేసినాయనకు ఆ తేడా అనుభవంతో తెలుసు. కాబట్టి ఆ సభలో సగం మాటే చెప్పారు. మిగతా సగం డోర్నకల్ పల్లెల్లో చెప్పారు. అదేంటంటే: మీరూ ఇవ్వండి.

ఎవరికి చెప్పారు? మా వాళ్ళకు. నేను మాదిగవాడలో పుట్టాను. ఆ రోజుల్లో మాల, మాదిగ గూడేల బతుకెలా ఉండేదో ఈ సభలో కొందరికి ఇళ్ళల్లో విని తెలుసు. దొర గడీలో వెట్టి. పాలేరుతనం. కళ్ళంలో మిగిలిన తాలు గింజలు కూలి. ఊరి బావిలో చేద వెయ్యనివ్వరు. అలాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి బిషప్‌గారు కానుక అడిగారు. తిండికే లేనివాళ్ళను డబ్బులు అడగడం ఏం న్యాయమని అప్పట్లోనూ అన్నారు, ఇప్పటికీ అంటారు. నాకూ ఒకప్పుడు కోపమే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. అదంత తేలిగ్గా జరగలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి చేయించారు. ఒక భారతీయుడి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారని ఒక పక్క గొడవ. ఇంకో పక్క తిరునల్వేలిలో మనవాళ్ళే కులం చూసి అడ్డుపుల్ల వేశారు. రెండూ దాటుకుని వచ్చారు. మొదట అధ్యక్ష ఖండం, అంటే బిషప్‌గా ఆయన కిందికి వచ్చే ప్రాంతం, చిన్నది. తర్వాత కృష్ణా వైపు సంఘాలు కూడా కలిశాయి. అక్కడి ఇంగ్లీషు మిషనరీలు ఈయన కింద పనిచేయవలసి వచ్చింది.

ఆయన పని తీరు చెబుతాను. ఎడ్లబండి మీద ఊళ్ళు తిరగడం, గుడారాల్లో మకాం. ప్రతి గూడెంలో ఒక ఉపదేశి. ఆ ఉపదేశికి, ఆయన భార్యకు, ఇద్దరికీ డోర్నకల్‌లో శిక్షణ. పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం కూలి నుంచి వచ్చాక అందరికీ ప్రార్థన. 1930ల నడిమికి ఈయన కింద దాదాపు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె పంతుళ్ళు ఉన్నారు. 1912లో ఆ ప్రాంతంలో 57 వేలు ఉన్న సంఘస్థులు 1941కి 2 లక్షల 25 వేలు అయ్యారు. ఇంతమందికి జీతాలిచ్చేంత డబ్బు ఇంగ్లండు నుంచి ఎన్నటికీ రాదు. వచ్చినా ఆయనకు అక్కర్లేదు.

బాప్తిస్మం దగ్గర ఆయన చేయించిన ఒక పని నాకు చాలా ఇష్టం. బాప్తిస్మం పొందినవాళ్ళను తమ తల మీద తమ చెయ్యి పెట్టుకోమనేవారు. నీళ్ళు ఇంకా జుట్టులోంచి కారుతుంటాయి. ఆ తడి తల మీద చెయ్యి పెట్టుకుని అందరూ ఒక్క గొంతుతో అనాలి: ‘నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ.’ ఈ రెండో మాట పౌలుది. ఒక్కసారి ఊహించండి. ఊళ్ళోకి వస్తే చెప్పులు చేతపట్టుకుని, తల దించుకుని నడిచే మనిషి. ఆ మనిషి తల మీద ఎవరు చెయ్యి పెడతారు? ఎవరూ ముట్టుకోరు. ఆ తలను అతనే ముట్టుకుని, లోకానికి నేనొకటి ఇవ్వాలి అని పైకి అంటున్నాడు. తీసుకోవడానికి వచ్చినవాణ్ణి మొదటి రోజే ఇచ్చేవాణ్ణి చేశారు.

ఆ ‘ఇవ్వడం’ అనేదాని మీదే ఆయన రాసిన పుస్తకం ఉంది. పేరు ‘క్రిస్టియన్ గివింగ్’. క్రైస్తవుడు ఇచ్చే కానుక గురించిన పాఠాలు. ఆయన రాసిన వాటిలో బాప్తిస్మం గురించి, స్థిరీకరణ గురించి, ప్రకటన గ్రంథం గురించి చిన్న చిన్న పుస్తకాలున్నాయి. అన్నీ పల్లె ఉపదేశికి అర్థమయ్యేలా రాసినవే. పాండిత్యం చూపించాలని ఒక్కటీ రాయలేదు. కానీ నిలబడింది మాత్రం ఈ కానుకల పుస్తకం. ఆయన పోయాక, 1954లో, వరల్డ్ క్రిస్టియన్ బుక్స్ అనే వరసలో మళ్ళీ అచ్చై, డోర్నకల్ పేరు వినని దేశాల సంఘాలకు కూడా పాఠ్యపుస్తకమైంది. అప్పటిదాకా విదేశాల నుంచి మనకు పుస్తకాలు వచ్చేవి. ఇక్కణ్ణుంచి అక్కడికి ఒకటి వెళ్ళింది.

అందులో ఆయన గట్టిగా పట్టుకున్నది మాసిదోనియ సంఘాలను. వాళ్ళు నిరుపేదలు, అయినా యెరూషలేములోని పేదల కోసం తామే బతిమాలి కానుక ఇచ్చారని పౌలు రెండో కొరింథీ పత్రికలో రాశాడు. ముందు తమను తామే ఇచ్చుకున్నారు, తర్వాత చేతిలో ఉన్నది ఇచ్చారు. బీదవాడికి ఇచ్చే హక్కు ఉంది, దాన్ని జాలి పేరుతో లాక్కోకూడదు అనేది ఆ పుస్తకం చదివితే నాకు వినబడే మాట. ఇంకో సంగతి కూడా నిక్కచ్చిగా చెప్పారు. దొరికినప్పుడు, మనసు పుట్టినప్పుడు ఇచ్చేది లెక్కలోకి రాదు. క్రమంగా, ఉన్నదాని కొద్దీ ఇవ్వాలి. లెక్కల విద్యార్థి కదా.

పల్లెల్లో ఇది ఎలా నడిచిందంటే, నగదు ఎవరి దగ్గరా లేదు. కోతకాల పండుగకు ఎవరికి ఉన్నది వాళ్ళు తెచ్చేవారు. కోడిపెట్ట, గుమ్మడికాయ, గంపెడు జొన్నలు, నాలుగు గుడ్లు. ఆడవాళ్ళకు పిడికెడు బియ్యం. పూటపూటా వండేముందు ఎసట్లో పోసే గింజల్లోంచి ఒక్క పిడికెడు తీసి పక్కన పెట్టాలి. వారానికి అది గుడికి చేరాలి.

ఇదే కాలంలో గాంధీగారితో పెద్ద పేచీ వచ్చింది. దాన్ని దాటేస్తే నేను నిజం చెప్పినట్టు కాదు. గాంధీగారంటే మా ఇంట్లో భక్తి. గోడ మీద ఫోటో ఉండేది. కానీ 1936లో జాన్ మాట్ అనే అమెరికన్ క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ ఆయన ఒక మాటన్నారు. మీరు ఆవుకు సువార్త చెబుతారా, అర్థం చేసుకోవడంలో కొందరు అంటరానివాళ్ళు ఆవు కంటే అధ్వాన్నం అన్నారు. మతాల మధ్య మంచిచెడ్డలు వాళ్ళకేం తెలుస్తాయని ఆయన ఉద్దేశం. ‘హరిజన్’ పత్రికలోనే అచ్చయింది. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా నాయనమ్మ గుర్తొచ్చింది.

అజరయ్యగారు జాతీయవాది. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని, సంఘాన్ని ఒక రాజకీయ వర్గంగా విడదీయొద్దని గట్టిగా వాదించారు. అది గాంధీగారి దారే. కానీ ఈ విషయంలో వెనక్కి తగ్గలేదు. మా వాళ్ళకు మనసుంది, తెలివుంది, తమ దారి తాము ఎంచుకుంటున్నారు అని నిలబడ్డారు. రుజువుగా గూడేల్లో మారిన బతుకుల్ని చూపించారు. తాగుడు మానినవాళ్ళను, బడికి వెళ్తున్న పిల్లల్ని. ఆ మార్పు చూసి ఊళ్ళోని పై కులాలవాళ్ళు కూడా కొందరు బాప్తిస్మానికి వచ్చారని చెప్పారు. ఈ తగువులో ఎవరి పక్షం అని మీరు అడిగితే, నేను ఏ వాడలో పుట్టానో ఇందాకే చెప్పాను.

అలాగని ఆయన అన్నీ సాధించారని చెప్పను. ఒకే గుడిలో మాలలు, మాదిగలు ఒక బల్ల దగ్గర కూర్చోవాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం ఇంకా మన గుళ్ళల్లో మిగిలే ఉంది, సంఘం ఎన్నికలప్పుడు మరీ బయటపడుతుంది. మనకది సిగ్గుచేటు. ఆరాధన క్రమంలో ఇంగ్లీషు ప్రార్థన పుస్తకాన్ని వదల్లేకపోయారని కూడా అంటారు. నిజమే. కానీ అదే మనిషి కెథడ్రల్ కట్టేటప్పుడు లండన్ నమూనా తెచ్చి పెట్టలేదు. ఎన్నో ఏళ్ళు, డబ్బు చాలక ఆగుతూ సాగుతూ నడిచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ప్రార్థన పుస్తకంలో చేయలేనిది రాయితో చేశారని నాకనిపిస్తుంది.

సంఘాల ఐక్యత మాట కూడా చెప్పాలి. 1919 మేలో తమిళ తీరంలోని తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సేవకులు కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్ అనే ఈ చీలికలు మేం తెచ్చుకున్నవి కావు, బయటి నుంచి మా నెత్తిన పెట్టినవి అని రాసుకున్నారు. 1927లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో సంఘాల ఐక్యత కోసం జరిగిన సభలో అజరయ్యగారు ఇంకా కటువుగా చెప్పారు. మీ దేశాల్లో చీలిక బలహీనత కావచ్చు, మా దగ్గర అది పాపం అన్నారు. ఎడింబరోలో అడిగిన స్నేహమే ఇక్కడా అడిగారు, ఈసారి సంఘాల మధ్య. పాతికేళ్ళకు పైగా చర్చలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అంటామే, అది పుట్టింది. ఆయన చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తిరునల్వేలికి మళ్ళీ కాపురానికి వెళ్ళలేదు.

ఇక ఈ డబ్బా.

మా ముత్తాతకు బాప్తిస్మం ఇచ్చింది అజరయ్య బిషప్‌గారేనని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడకు చదువు రాదు. బైబిల్ మాటలు విని గుర్తుపెట్టుకునేది. ఈ డబ్బా పొయ్యి పక్కన గూట్లో ఉండేది. పొద్దున, సాయంత్రం, చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరి, కడిగే ముందు ఒక్క పిడికెడు దీన్లో వేసేది. పిడికిలి ఎప్పుడూ నిండుగానే పట్టేది, సందుల్లోంచి గింజలు జారేంత. శనివారం సాయంత్రానికి సగం పైకి వచ్చేది. ఆదివారం చీర కొంగులో ముడేసుకుని గుడికి తీసుకెళ్ళేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఎండాకాలం కూలి దొరకలేదు. ఇంట్లో జొన్న గటకతో సరిపెట్టుకున్నాం. ఒక రోజు నేను ఈ డబ్బాలో చెయ్యి పెట్టి, ‘నాయనమ్మా, ఈ బియ్యం వండవే’ అని ఏడ్చాను. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. డబ్బా నా చేతిలోంచి తీసుకుంది. ‘ఇది మనది కాదురా అయ్యా, మనం పెడుతున్నోళ్ళది’ అంది.

మనకంటే లేనోళ్ళు ఉన్నారా నాయనమ్మా అని అడిగాను. ఉన్నారంది. వరసగా నాలుగు ఇళ్ళ పేర్లు చెప్పింది. ఆ పూట జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి, బియ్యం మీదే వేసింది.